ఎవరి బిళ్ళ వారిదే

మహారాష్ట్రలోని చంద్రపూర్ గ్రంథాలయంలో కుర్చీలోంచి లేచినప్పుడల్లా కాకా చొక్కా జేబు తట్టుకునేవాడు. ముప్పై ఏళ్ళు బొగ్గుగనిలోకి దిగిన మనిషి. దిగేటప్పుడు ఇచ్చే నంబరు బిళ్ళ జేబులో ఉందో లేదో చూసుకునే అలవాటు పోలేదు. పైకొచ్చాక ఎవరి బిళ్ళ వారే తిరిగివ్వాలి, అది గని నియమం.

ఆ రోజు పేపర్లో కోర్టు వార్త వచ్చింది. స్పృహ లేని రోగికి ప్రాణం నిలిపే గొట్టాలు తీసేయవచ్చా? చదివే గది దద్దరిల్లిపోయింది.

"గట్ల తీస్తే ఖూనీనే!" అని కిరాణా సేఠ్ లేచాడు.

"నీకు గొట్టాలు పెడితె తెలుస్తది సేఠ్!" అని రిటైరైన మాస్టారు బల్ల గుద్దాడు.

కాకా నా వైపు తిరిగాడు. "మా ఇంటామెకు గొట్టాలు తియ్యమని నేనే చెప్పిన తమ్మీ. ఆమె బిళ్ళ నేనిచ్చినట్టయింది. గిప్పటికీ నిద్ర పట్టది. నా కొడుక్కు గీ గోస రావద్దు."

నేను కుర్చీలోంచి ఎగిరి లేచాను. అంతకు ముందు వారమే ఇక్కడి చట్టాల పుస్తకంలో చదివాను! గొట్టాలు కావాలో వద్దో, మాట్లాడగలిగినప్పుడే మన ఇష్టం రాసిపెట్టుకోవచ్చు. ఇద్దరు సాక్షులు, నోటరీ ఉండాలి.

"రాద్దాం కాకా!" అన్నాను. ఆయన తెలుగులో చెబుతుంటే నేను మరాఠీలో రాశాను.

సాక్షులుగా నోటరీ దగ్గరికి వచ్చింది, అంతసేపూ కొట్లాడిన ఆ ఇద్దరే!

"నాకైతే నచ్చలే. అయినా నీ బిళ్ళ నీది" అంటూ సేఠ్ సంతకం పెట్టాడు.

గ్రంథాలయంలో మళ్ళీ కలిసినప్పుడు కాకా జేబు తట్టుకోకుండానే కుర్చీలోంచి లేచాడు.

"కాగితమేది కాకా?" అన్నాను.

"నా బిళ్ళ నేనే కొడుకు చేతుల పెట్టిన" అని నవ్వాడు.