చుక్కల సీరియల్‌కి మంగత్త చెప్పిన తెలుగు

ఈమధ్య ఒక ఆదివారం పొద్దున్న అమలాపురం బజారునుంచి తెచ్చుకున్న పనసపొట్టు పొట్లం విప్పితే, పచ్చికాయ జిగురు వాసన, కత్తికి రాసిన నూనె వాసన కలిసి గుప్పుమన్నాయి. వంటింట్లో నేనొక్కదాన్నే. ఆవ నూరదామని లేస్తుంటే ఫోన్ మోగింది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అమ్మాయి మెసేజ్ పెట్టింది: ‘అమ్మా, నువ్వు చెప్తూంటావే చుక్కల సీరియల్ అని, దాన్ని మళ్ళీ కొత్తగా తీశారు. పాతవన్నీ కూడా పెట్టారు. కింద తెలుగులో మాటలు పడతాయి, చూడు.’ నేను స్టవ్ కట్టేసి పీట మీద కూలబడ్డాను.

ఆ సీరియల్‌కి ఏదో పెద్ద హిందీ పేరుండేది. రాజోలు దగ్గర మా ఊళ్ళో ఆ పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు. మొదట్లో నల్లటి తెరమీద చుక్కలు గిర్రున తిరిగేవి కాబట్టి మా వీధికి అది చుక్కల సీరియల్ అయిపోయింది. వారానికో కథ. ఈ వారం కనిపించినవాళ్ళు వచ్చే వారం ఉండరు. ఒకసారి చంద్రుడి మీద ఇల్లు, ఒకసారి మాట్లాడే యంత్రం, ఒకసారి రెండువందల ఏళ్ళు నిద్రపోయి లేచిన మనిషి. ఆదివారం పొద్దున్నే అమ్మమ్మ పనసపొట్టు కొడుతూంటే, ఆ టకటక చప్పుడు వెనకాల వదిలేసి, తడి జుట్టుతో, చేతిలో సగం తిన్న మినపరొట్టె ముక్కతో నేను మంగత్త ఇంటికి పరిగెత్తేదాన్ని.

మంగత్త మాకు చుట్టం కాదు, నాలుగిళ్ళవతల ఆవిడ. ఏడేళ్ళు కువైట్‌లో ఒకళ్ళింట్లో వంటపని చేసి తిరిగొచ్చింది. వస్తూ వస్తూ గళ్ళ దుప్పట్లు, ఘాటైన సబ్బులు, ఒక రంగుల టీవీ తెచ్చింది. మా వీధి మొత్తానికి అదొక్కటే టీవీ. డాబా మీద పొడుగాటి వెదురుకి యాంటెనా కట్టించింది కానీ, పెరట్లో కొబ్బరాకు గాలికి ఊగినప్పుడల్లా బొమ్మ వణికిపోయేది. ఒకళ్ళు పైకెక్కి తిప్పుతూంటే కిందనుంచి అందరం ‘వచ్చింది, వచ్చింది, పోయింది’ అని అరిచేవాళ్ళం. హాలు నిండా చాపలు, చాపల నిండా మనుషులు. హిందీ వచ్చింది మంగత్త ఒక్కదానికే, కువైట్‌లో పనివాళ్ళంతా హిందీలోనే మాట్లాడుకునేవాళ్ళట. ఆవిడ టీవీ పక్కన కుర్చీ వేసుకుని, తెరమీద వాళ్ళు ఏదైనా అన్నప్పుడల్లా ‘ఏవంటున్నాడంటే…’ అని మొదలుపెట్టి మాకు తెలుగులో చెప్పేది.

ఆ రోజుల్లో మా అమ్మ కూడా కువైట్‌లోనే ఉండేది. నాన్న చనిపోయిన ఏడాదే, నాకు అయిదేళ్ళప్పుడు, నన్ను అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్ళింది. ఫోన్లు లేవు. అమ్మ తన గొంతు క్యాసెట్‌లో పట్టి, ఇటు వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేది. ‘చిట్టీ, బాగున్నావా, అమ్మమ్మ మాట వింటున్నావా’ అని అడిగి, నేను జవాబు చెప్పడానికన్నట్టు కాసేపు ఆగేది. ఆ ఆగినంతసేపూ వెనకాల ఏదో యంత్రం గుయ్యిమని మోగుతూండేది. అది ఏసీ చప్పుడని నాకేం తెలుసు? చుక్కల సీరియల్‌లో ఆకాశపు ఓడలు అచ్చం అలాగే గుయ్యిమనేవి. అమ్మ అలాంటి ఓడలోనే ఎక్కడో ఉందనుకునేదాన్ని. ఊరంతా సందడిగా ఉన్నప్పుడే నాకు ఆ చప్పుడు ఎక్కువ వినిపించేది. ఏళ్ళు గడిచేకొద్దీ అమ్మ ముఖం పోయింది, చప్పుడు మిగిలింది.

మంగత్త కూతురు రత్నం నాకంటే అయిదేళ్ళు పెద్దది. తల్లి కువైట్‌లో ఉండగా కపిలేశ్వరపురంలో పెద్దమ్మగారింట్లో పెరిగింది. తల్లి తిరిగొచ్చినా ఆ పిల్ల ఇక్కడికి రాలేదు. ఒక్కసారి మాత్రం సెలవులకి తీసుకొచ్చారు. ఉన్న నాలుగు రోజులూ మంగత్తని ‘మీరు’ అంది. కన్నతల్లిని మీరనడం మా వీధిలో మేమెక్కడా వినలేదు. ‘మీరు తినండి, నాకొద్దండి’ అని ఆ పిల్ల అంటూంటే, మంగత్త నవ్వుతూనే, పళ్ళెంలో పెట్టిన కాజాలు తిరిగి డబ్బాలో సర్దుకోవడం నాకింకా గుర్తే.

తర్వాత కొన్నాళ్ళకి వచ్చిన కథ ఇది. ఒక ఆడమనిషి కూతుర్ని ఇంట్లో వదిలి, ఓడెక్కి ఒక చుక్క దగ్గరికి వెళ్తుంది. ఆవిడకి ఒక్క ఏడాదే అవుతుంది గానీ ఇక్కడ నలభై ఏళ్ళు గడిచిపోతాయి. తిరిగొచ్చి తలుపు కొడితే, జుట్టు నెరిసిన కూతురు తలుపు తీస్తుంది. తల్లి పడుచుగా ఉంటుంది. కూతురు ఏదో రెండు మాటలంటుంది. తల్లి కూడా ఏదో అని, వెనక్కి తిరిగి ఆ పొడుగాటి రోడ్డు వెంబడే నడిచి వెళ్ళిపోతూంటే చుక్కలు తిరుగుతాయి. హాలంతా మంగత్త కేసి చూసింది. ఆవిడ ఇంకా తెరకేసే చూస్తోంది. ఆగలేక నేనే అడిగాను.

“అత్తా, వాళ్ళమ్మ వెళ్ళిపోతోందేంటి?”

“వెళ్ళిపోవట్లేదమ్మా,” అంది మంగత్త. “కాళ్ళు కడుక్కోడానికెళ్తోంది. అంత దూరం నించొచ్చింది కదా. కూతురు గుర్తుపట్టేసి, ఎవరొచ్చేరో చూడండర్రా అని లోపలికి కేకేస్తోంది.”

ఆ మాట నాకు కొండంత ధైర్యం ఇచ్చింది. మరో రెండేళ్ళకి మా అమ్మ వచ్చింది. పెట్టెలతో కారు ఆగింది, అమ్మమ్మ ఏడుస్తూ ఎదురెళ్ళింది, వీధంతా మూగింది. నేను తలుపు చాటునుంచి చూస్తే ఎవరో సన్నటి, నల్లబడిన ఆవిడ. “చిట్టీ,” అంది. గొంతు క్యాసెట్‌లోదే, కానీ వెనక ఆ గుయ్యిమనే చప్పుడు లేదు. నా కాలు ముందుకి పడలేదు. ఆవిడ కాసేపు చూసి, చేతిలో సంచి అరుగు మీద పెట్టి, ఎవరితోనూ ఏమీ అనకుండా పెరటివైపు నడవడం మొదలుపెట్టింది. ఆ వీపు చూడగానే నాకు చుక్కల సీరియల్ కళ్ళముందు కదిలింది. కాళ్ళు కడుక్కోడానికని అర్థమైపోయింది. గోళెంలో చెంబు ముంచి, నీళ్ళు ఒలుకుతూండగా వెనకాలే పరిగెత్తి, “ఇంద, కాళ్ళు కడుక్కో అమ్మా,” అన్నాను. అమ్మ అక్కడే మట్టిలో చతికిలబడి, చెంబుతో సహా నన్ను దగ్గరికి లాక్కుంది.

అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ ఆదివారం ఫోన్‌లో నేను ముందు వెతుక్కున్నది ఆ కథే. కూతురు తలుపు తీసింది. తెర అడుగున తెలుగు అక్షరాలు పడ్డాయి: ‘మీరెవరు?’ తల్లి అంది: ‘పొరపాటున వచ్చాను.’ అంతే. కాళ్ళు కడుక్కోడం లేదు, కేక వెయ్యడం లేదు. మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. మిగతావి చూస్తే అవీ అంతే. చంద్రుడి మీద కొబ్బరి తోట వేశాడని మంగత్త చెప్పిన డాక్టరుగారు నిజానికి డాక్టరూ కాదు, అది కొబ్బరీ కాదు. నా చిన్నతనంలో నేను చూసిన కథల్లో ఒక్కటీ ఆ సీరియల్లో లేదు.

మర్నాడు సెలవు పెట్టి కపిలేశ్వరపురం వెళ్ళాను. మంగత్త ఇప్పుడు రత్నం దగ్గరే ఉంటోంది. ఎనభై దాటిన మనిషి, గోదావరి గాలి తగిలేలా వసారాలో మంచం వేసుకుని కూర్చుంది. నేను చెప్పిందంతా విని పళ్ళు లేని నోటితో గలగలా నవ్వింది.

“నాకా హిందీ ఎక్కడొచ్చే? ఉప్పు, పప్పు, ఇల్లు తుడు, గిన్నెలు కడుగు, అంతవరకే. ఆ టీవీలోది పెద్ద హిందీ. ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు.”

“మరి చెప్పేదానివి కదత్తా?”

“ఏం చెయ్యమంటావు? టీవీ పెట్టగానే అందరూ నా మొహంలోకి చూసేవోరు. ఏడేళ్ళుండొచ్చి రాదంటే బాగుంటదా? బొమ్మ చూసి అల్లేసేదాన్ని.”

నేనూ నవ్వాను కానీ మనసు చివుక్కుమంది. నాకోసమే ఆ ముగింపు మార్చిందని దారంతా అనుకుంటూ వచ్చాను. అంతలో రత్నం నాకు టీ గ్లాసు ఇచ్చి, తల్లికేసి తిరిగి, “మీరింకా మందేసుకోలేదండీ,” అని మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడి, మంచినీళ్ళ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. రత్నం కనుమరుగయ్యాక మంగత్త నా వైపు ఒంగింది.

“ఆ ఒక్కటీ మాత్రం అర్థమైందే చిట్టీ,” అంది మెల్లగా. “ఆ అమ్మాయి ‘ఆప్ కౌన్’ అంది కదా. ఆ రెండు మాటలూ నాకొచ్చు. కువైట్‌లో వంటింటి తలుపు కొట్టినోళ్ళని రోజూ అడిగేదాన్ని.”

“మరి కాళ్ళు కడుక్కోడానికని ఎందుకు చెప్పావత్తా?”

“నువ్వు నా పక్కనే కూచున్నావు కదమ్మా,” అంది.

సాయంత్రం ఇంటికొచ్చి కొత్తగా తీసిన వాటిలో మొదటి కథ పెట్టుకున్నాను. బొమ్మ వణకలేదు. మాటలన్నీ చక్కటి తెలుగులోకి మార్చారు. మంగత్త డాబా కూల్చేసి చాలా కాలమైంది, ఆ స్థలంలో ఎవరో రొయ్యల మేత గోదాము కట్టారు. ఆ చాపల మీద కూర్చున్నవాళ్ళలో సగం మంది లేరు, ఉన్నవాళ్ళు ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకుంటారు. కథ అయిపోయే వేళకి మా అమ్మాయి ఫోన్ చేసింది.

“చూశావా అమ్మా? కాస్త తికమకగా ఉంటుంది. అర్థమైందా?”

“అంతా అర్థమైందమ్మా,” అన్నాను.

ఫోన్ పెట్టేశాను. నిజంగానే అంతా అర్థమైంది. ఎవర్నీ ఏమీ అడగాల్సిన పని లేకపోయింది.