పేరు రాయని చీటీ

సంఘంలోని అన్నలకు, అక్కలకు యేసయ్య నామంలో నా వందనాలు. నాకు పెద్ద జబ్బేమీ రాలేదండి, ఇల్లు కూలిపోలేదు, అందుకే ఇన్నాళ్లూ సాక్ష్యం చెప్పడానికి సిగ్గుపడ్డాను.

గుణదల దగ్గర ఒక ఆడపిల్లల కాలేజీ హాస్టల్లో నేను వార్డెన్‌ని. తెల్లవారగానే పిల్లల్ని లేపడం, ర్యాంకుల గురించి బెంగపెట్టుకున్నవాళ్లని ఓదార్చడం, "మా పాప తిన్నదాండీ, చదువుతోందాండీ" అని అడిగే తల్లిదండ్రులకు ఫోనులో జవాబు చెప్పడం నా పని. మావారు లారీ మీద ఊళ్లు తిరుగుతారు. ఇంట్లో నేనూ, పదేళ్ల మా అమ్మాయి సువార్తా. ఒకప్పుడు సాయంత్రం ఇంటికి రాగానే ఒకే కంచంలో అన్నం కలిపి, దానికి ముద్దలు పెడుతూ పాటలు పాడేదాన్ని సహోదరులారా, ఆ సాయంత్రాల కోసం నా ప్రాణం ఎంత కొట్టుకుపోయిందో దేవునికే తెలుసు. అవి ఎప్పుడు పోయాయో కూడా నాకు తెలియదు. ఫోను చెవికి ఆనించుకుని, పొయ్యి దగ్గరే నిలబడి రెండు ముద్దలు మింగేదాన్ని. మెడ పట్టేసేది, దవడలు బిగుసుకుపోయేవి, ఊరికే గుండె దడదడలాడేది, సువార్త ఏదైనా అడిగితే కసురుకునేదాన్ని. దీన్ని ఒత్తిడి అంటారని నాకు తోచనే లేదు. నా విశ్వాసం తగ్గిందనుకుని, ఒక పూట ఉండే శుక్రవారం ఉపవాసాన్ని రోజంతటికీ పెంచాను.

మా సంఘంలో ప్రార్థన అవసరం ఉన్నవాళ్లు చీటీ రాసి పెట్టెలో వేస్తారు. శుక్రవారం స్త్రీల కూడికలో వాటిని చదివి ప్రార్థించే బాధ్యత నాది. ఒక వారం పేరు లేని చీటీ వచ్చింది. "మా అమ్మ కూర్చుని అన్నం తినాలి. మళ్లీ పాట పాడాలి" అని ఉంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. "ప్రభువా, ఈ తల్లి ఎవరో, ఆమెను ముట్టు తండ్రీ, ఆ బిడ్డ కోరిక తీర్చు" అని ప్రార్థించాను. రెండో వారమూ అదే చీటీ, మూడో వారమూ అదే. మూడుసార్లూ ఆ తల్లి కోసం దేవుణ్ణి బతిమాలుకున్నాను.

ఆ రోజు కూడిక అయ్యాక, అందరూ ఇంకా లేవకముందే పాస్టరమ్మగారు ఆ చీటీ నా చేతిలో పెట్టి, "రూతమ్మా, ఈ చేతిరాత ఎవరిదో నీకు నిజంగా తెలియడం లేదా?" అన్నారు. అప్పుడు చూశాను. మా సువార్త బడి పుస్తకాలు నేను తెరిచి చూసి ఎన్ని నెలలైందో, కన్నబిడ్డ రాత గుర్తుపట్టలేని తల్లినయ్యాను. చాప మీద కూలబడి, "ప్రభువా, ఆ తల్లిని నేనే, నాకు చేతకావడం లేదు" అన్నాను. పదిమందిలో నా కోసం నేను చేసిన మొదటి ప్రార్థన అది.

పాస్టరమ్మగారు ప్రార్థించి ఊరుకోలేదు, మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన బీపీ చూసి, ఇదంతా ఒత్తిడేనని, ముందు తిండీ నిద్రా సరిచేసుకోమని చెప్పారు. హాస్టల్లో ధైర్యం చేసి అడిగితే, సాయంత్రం ఫోన్లు ఇంకో వార్డెన్‌గారు చూస్తానన్నారు. ఆ ఒక్క మాట అడగడానికి నాకు రెండేళ్లు పట్టింది.

అన్నీ ఒక్కరోజులో మారలేదండి. ఇప్పటికీ మెడ పట్టేస్తుంది, అప్పుడు కాలువ గట్టున కాసేపు మెల్లగా నడిచి వస్తాను. ఫోను పక్కన పెట్టి మొదటిసారి కంచం ముందు కూర్చున్న సాయంత్రం నాకు పాట రాలేదు. సువార్తే పల్లవి ఎత్తుకుని, నా వైపు చూస్తూ ఆగింది. బొంగురు గొంతుతోనే అందుకున్నాను.

అందరి కోసం ప్రార్థించే నా అక్కల్లారా, అన్నల్లారా, మీ కోసం కూడా ఒక చీటీ రాయండి, ఆయన వింటాడు. నేను రాసుకోలేనిది నా బిడ్డ చేత రాయించిన దేవునికే మహిమ.