నూనె ఇసుక మీద కొబ్బరి నీళ్ళు

గోల్ఫ్ ఆడేవాళ్ళు నిబ్బరంగా ఉంటారని ఎవడన్నాడో గానీ, వాడు మా జట్టును చూసి ఉండడు. నస్పూర్ దగ్గర గనుల కాలనీలో ఒక గోల్ఫ్ మైదానం ఉంది. గుంత చుట్టూ పచ్చిక ఉండదు, నూనె కలిపిన ఇసుక పరుస్తారు. బంతిని నెట్టే ముందు ఆ దారిని ఇనుప పిడి ఉన్న చెక్కపలకతో చదును చేసుకోవాలి, అదీ ఒక్కసారే. ఆదివారాల్లో కరీంనగర్ నుంచి వెళ్ళి అక్కడ దర్జా ఒలకబోసే పెద్దమనుషుల్లో నేనూ ఒకణ్ణి.

కిందటి చలికాలం అక్కడ విరాళాల పోటీ పెట్టారు. జట్టుకు నలుగురు. నలుగురూ కొడతారు, ఎవరి బంతి మంచిచోట పడితే అక్కడినుంచే మళ్ళీ అందరూ కొట్టాలి. గెలిచిన జట్టు ఎంచుకున్న పనికి విరాళం అందుతుంది. మేం ఎంచుకున్నది ఆ ఊళ్ళోని ఆడపిల్లల హాస్టల్. అక్కడ బోరు మోటారు కాలిపోయి, పిల్లలు పొద్దున్నే బిందెలు పట్టుకుని వీధుల వెంట తిరుగుతున్నారు. వార్డెనమ్మ ఆట చూడటానికి వచ్చి ఎండలోనే నిలబడింది.

మా కెప్టెన్‌కు జమ్మికుంటలో జిన్నింగు మిల్లు ఉంది. మిగతా ఇద్దరు ఒక డాక్టరు, ఒక కాంట్రాక్టరు. ఒత్తిడిని ఎలా జయించాలో ముగ్గురికీ బాగా తెలుసు, ఎదుటివాడికి చెప్పేటంత వరకు. "శ్వాస మీద ధ్యాస వెట్టు" అని పొద్దుటినుంచీ నా చెవి కొరికిన డాక్టరు, తన వంతు రాగానే ఊపిరి బిగబట్టి నీలిగాడు.

ఆఖరి గుంతకు రెండు బారల దూరం కూడా లేదు. మాలో ఒక్కరిది పడినా గెలుపు మాదే. ముగ్గురూ వరసగా తప్పారు. మిగిలింది నేను. ఇదంతా నాకు మంచినీళ్ళ ప్రాయం అన్నట్టు నిలబడ్డాను గానీ, అరచేతులు రెండుసార్లు ప్యాంటుకు తుడుచుకున్నాను. దారి చదును చేసుకుని వంగాను.

"జర ఆగు తమ్మీ," అన్నాడు కెప్టెన్. డ్రైవరుతో కారులోంచి కొబ్బరికాయ తెప్పించాడు. "మనకు దిష్టి తాకింది. లేకపోతె ముగ్గురం ఊకెనే తప్పినమా?"

నా తల చుట్టూ తిప్పి, ఆ పలక ఇనుప పిడికేసి ఫట్టుమని కొట్టాడు. నీళ్ళన్నీ నేను చదును చేసిన దారిలోనే పడ్డాయి. మిల్లు గేటు దగ్గర పత్తిలో కాస్త తేమ కనబడితే రైతును చెడామడా తిట్టి పంపే మనిషి ఈయనే! నాకు ఒళ్ళు మండిపోయింది. బంతిని నెట్టాను. అది తడి ఇసుక దాకా వెళ్ళి అక్కడే కూలబడింది.

అవతలి జట్టు చప్పట్లు కొట్టింది. విరాళం వాళ్ళు ఎంచుకున్న క్లబ్బు స్వాగత తోరణానికి పోయింది.

వార్డెనమ్మ మా దగ్గరికి వచ్చింది. "సార్, ఒక మాట అడుగుత, కోపం చెయ్యొద్దు. మీరు నలుగురు గీ ఆట ఆడకుంటనే మాకొక మోటరు కొనియ్యరాదా?"

డాక్టరు ఫోను చూసుకున్నాడు. కాంట్రాక్టరు బూట్లకంటిన ఇసుక దులుపుకున్నాడు. నేను పలక తీసుకుని తడి ఇసుకను చదును చేయసాగాను. కెప్టెన్ మాత్రం కొబ్బరి చిప్ప తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ప్రసాదం తీస్కో అమ్మా. పిల్లలకు గూడ తలా ఇంత వెట్టు."