కొంగు లాగితే నీళ్లు

ఆ గదిలో ఎవరు ఎవరో మీటింగు అయ్యేదాకా నాకు సరిగా అర్థం కాలేదు. పొడుగాటి బల్ల, చుట్టూ కుర్చీలు, కుర్చీల నిండా మనుషులు. అందరూ నన్ను "అమ్మా" అనే పిలుస్తున్నారు, అందరి ముందూ మా పిల్లవాడి కాగితాలే ఉన్నాయి. నాంపల్లిలో ఒక సర్కారు ఆఫీసు అది, రెండో అంతస్తు. రెండు జిల్లాల అధికారులు, బడి వాళ్లు, దవాఖాన వాళ్లు, పిల్లల సంక్షేమం వాళ్లు ఇక మీదట కలిసి పనిచేస్తారట. అలా కలిసి చూడబోయే పిల్లల్లో మావాడిది మొదటి వరసట. ఫోన్ చేసి రమ్మన్నప్పుడు సంతోషపడాలో భయపడాలో తెలియక కాసేపు అదీ, కాసేపు ఇదీ చేశాను.

దాన్ని "కన్వర్జెన్స్ మీటింగ్" అంటారట. అంటే ఏమిటని పక్క కుర్చీలో ఆయనను అడిగాను. ఆయన కొంచెం ఆలోచించి, "అందరం కలుసుడమ్మా," అన్నాడు. ఆ మాత్రం దానికి అంత పేరెందుకో.

పిల్లవాడు నా చెల్లెలి కొడుకు. వాడికి మూడేళ్లప్పుడు చెల్లెలు జబ్బు చేసి పోయింది. మా మరిది లారీ నడుపుతాడు. నెలలో సగం రోజులు ఏ రాష్ట్రంలో ఉంటాడో అతనికే తెలియదు. అలా పిల్లవాడు మా ఇంటికి వచ్చాడు. ఇప్పుడు ఏడేళ్లు. చెవులు బ్రహ్మాండంగా వినిపిస్తాయి, వంటింట్లో బిస్కెట్ ప్యాకెట్ చప్పుడైతే వీధిలోంచి పరుగెత్తుకొస్తాడు. నోట మాట మాత్రం రాలేదు. మనిషి కళ్లలోకి చూడడు, కొత్త చోటికి పోతే బిగుసుకుపోతాడు. దానికి డాక్టర్లు ఒక పేరు పెట్టారు. ఆ పేరు తెలిశాక నాకు కొత్తగా ఏం తెలిసిందో ఇప్పటికీ తెలియదు.

అసలు చిక్కు వేరే ఉంది. వాడి ఆధార్‌లో ఉన్నది మా మరిది వాళ్ల జిల్లా. వాడు ఉంటున్నది హైదరాబాద్‌లో, నాంపల్లి స్టేషన్ వెనక మా కిరాయి ఇంట్లో. వాడికి రావాల్సిన సర్కారు సాయం ఇక్కడ అడిగితే అక్కడికి పొమ్మన్నారు, అక్కడికి పోతే ఇక్కడే అడగమన్నారు. ఒక కిటికీ దగ్గర ఒకాయన, "వాడు మా పిల్లగాడు కాదమ్మా," అన్నాడు.

"మరి ఎవ్వరి పిల్లగాడు సార్? గాల్లో పుట్టిండా?" అని అరిచాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బస్సు ఎక్కాక ఏడుపొచ్చింది. పిల్లవాడి బతుకు రెంటికీ చెడ్డ రేవడి అయింది.

అందుకే ఈ మీటింగు అంటే నాకు ఆశ ఉండింది. భయం కూడా ఉండింది, ఎందుకంటే ఫోన్ చేసినామె చివర్లో, "పిల్లగాన్ని హోమ్‌ల పెట్టే సంగతి గూడ మాట్లాడుదాం," అన్నది. వాడి మీద నాకు కాగితం మీద ఏ హక్కూ లేదు. పెద్దమ్మను, అంతే. మా మరిదిని అడిగితే ఫోన్‌లో, "మీ ఇష్టం వదినా, వాళ్లు ఏది మంచిదంటే అది," అన్నాడు. వెనక హారన్లు మోగుతున్నాయి. నా ఇష్టం ఏమిటో నాకు తెలిస్తే కదా. హోమ్ అంటే ఇలాంటి పిల్లల్ని ఉంచుకునే చోటు, అక్కడ రోజూ నేర్పేవాళ్లు ఉంటారని అంటున్నారు. నేనేం నేర్పాను? నాకు తెలిసింది చీరలకు ఫాల్, పీకో కుట్టడం. అబిడ్స్‌లో బట్టల షాపుల వెనక సందులో నా దుకాణం. బడి అయ్యాక వాడు వచ్చి మిషన్ పక్కన పీట మీద కూర్చుని ఖాళీ దారం రీళ్లు దొర్లించుకుంటాడు.

దాహమేస్తే నా కొంగు పట్టుకుని రెండుసార్లు లాగుతాడు. కొంగు పట్టుకుని వదలకపోతే భయమేసిందని అర్థం. వాడికి ఎవరూ నేర్పలేదు, నాకూ ఎవరూ చెప్పలేదు. ఎప్పుడు మొదలైందో కూడా గుర్తు లేదు.

ఆ రోజు ఆఫీసు మెట్ల దగ్గర పట్టుకున్న కొంగు బల్ల దగ్గర కూర్చున్నాక కూడా వదల్లేదు. పెద్ద సారు, అంటే బల్ల మొదట్లో కూర్చున్నాయన, నవ్వుతూ మొదలుపెట్టాడు. "ఇన్నొద్దులు మీరు తిరిగిన్రు. ఇగ మేమే మీ దగ్గరికి వచ్చినట్టు అనుకోన్రి." రెండంతస్తులు ఎక్కివచ్చింది నేను. అయినా తల ఊపాను.

తర్వాత అందరూ వాడి గురించి చదవడం మొదలుపెట్టారు. వింటుంటే ఎవరి పిల్లవాడి గురించి చదువుతున్నారో అని అనుమానమొచ్చింది. మా మరిది జిల్లా నుంచి వచ్చిన మేడం ఒకసారి మా ఇంటికి వచ్చింది. ఆమె బొటనవేలు పెదవుల దగ్గర పెట్టి "నీళ్లు కావాల్నా?" అని అడిగితే వాడు గోడవైపు తిరిగాడట. దవాఖానలో ఒకరోజు వాడికి అడగడం నేర్పే థెరపీ మేడం రాకపోతే వేరే ఆమె కూర్చుంది. బొమ్మల కార్డులు ముందు పెడితే వాడు ముట్టుకోలేదట. అన్నిచోట్లా చివరికి ఒకటే మాట: సూచనలు అర్థం కావు.

"గిన్నేండ్ల నుంచి గిదే పరిస్థితి," అంది ఆ జిల్లా మేడం. ఆమె కఠినమైన మనిషి కాదు, నాకు మంచినీళ్ల బాటిల్ జరిపింది కూడా. "మా జిల్లాల మంచి హోమ్ ఉన్నది. పొద్దంతా ట్రైనింగ్ ఉంటది. ఈమెకు దుకాణం ఉన్నది, ఈమె మాత్రం ఎంతని చేస్తది?"

అందరూ నావైపు చూశారు. నేను అడకత్తెరలో పోకచెక్కను. వద్దంటే వాడి మంచి చెడగొట్టినదాన్ని. సరే అంటే చెల్లెలి బిడ్డను వదిలించుకున్నదాన్ని. "ఆలోచించాలె," అన్నాను.

ఇంతలో చాయ్ వచ్చింది. సర్కారు మీటింగులో అందరికీ ఒకేసారి అర్థమయ్యేది చాయ్ ఒక్కటే. ఫైళ్లు మూశారు, ముచ్చట్లు మొదలయ్యాయి, ఎవరికి వారే యమునా తీరే. ఎవరో మావాడి చేతిలో ఉప్పు బిస్కెట్ పెట్టారు. అది తిన్నాక వాడు నా కొంగు వదిలి లేచాడు. ఆ కొత్త గదిలో వాడు నన్ను వదిలి నడవడమే నాకు వింత.

వాడు తిన్నగా దవాఖాన థెరపీ మేడం దగ్గరికి పోయాడు. వాడే ఆమె సంచిలో చెయ్యి పెట్టి, రింగుకు గుచ్చిన బొమ్మల కార్డులు తీసి, ఒకటొకటే తిప్పి, గ్లాసు బొమ్మ దగ్గర ఆపి ఆమె మోచేతికి ఆనించాడు. ఆమె పెద్ద సారుతో మాట్లాడుతూ, "ఒక్క నిమిషం నాన్నా," అంది. వాడు కార్డులు అక్కడే పెట్టి బడి టీచరమ్మ దగ్గరికి పోయాడు. వారానికి రెండు రోజులు ఇలాంటి పిల్లల కోసం బడికి వచ్చే టీచరమ్మ ఆమె. వాడు బొటనవేలు పెదవులకు తాకించాడు. టీచరమ్మ ఫోన్‌లో ఉంది, చెయ్యి ఊపింది. అప్పుడు వాడు నా దగ్గరికి వచ్చి కొంగు రెండుసార్లు లాగాడు.

నేను బాటిల్ మూత తీసి ఇచ్చాను. గటగటా తాగాడు.

"అరె, ఇప్పుడే నన్ను గూడ అడిగిండు," అంది టీచరమ్మ ఫోన్ దించి.

థెరపీ మేడం తన మోచేతి పక్కన తెరిచి ఉన్న గ్లాసు బొమ్మ వైపు చూసింది. "నన్ను కూడా," అంది మెల్లగా. "నీళ్లకు మీరు సైగ నేర్పిన్రా?"

"మరి మీరు కార్డులు నేర్పుతున్నరని నాకెవరు చెప్పిన్రు?"

వాళ్లిద్దరూ ఒకరినొకరు చూడటం ఆ రోజే మొదటిసారి. ఒకరిది ఒక శాఖ, ఇంకొకరిది ఇంకో శాఖ. మధ్యలో పిల్లవాణ్ని ఇక్కడ దింపి అక్కడ ఎక్కించింది నేను, కానీ లోపల ఏం జరిగేదో నాకు తెలియదు. పెద్దవాళ్లు బయట కూర్చోవాలి కదా. వాడేమో ఎవరి దగ్గర ఏది నడుస్తుందో కనిపెట్టి, ఎవరిది వాళ్లకు అప్పజెప్పాడు. టీచరమ్మ సైగ వేరే మనిషి చేస్తే వాడికది లెక్కలో లేదు. మేడం కార్డులు మేడంవే.

"మళ్లొకసారి చెయ్యమనున్రి," అన్నాడు పెద్ద సారు, ముందుకు వంగి.

వాడు చెయ్యలేదు. దాహం తీరింది మరి. బల్ల కింద కూర్చుని బాటిల్ మూత దొర్లించుకుంటున్నాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. అంతమంది ముందు ఏది ఆపుకోవాలో తెలియలేదు.

తర్వాత మాటలు వేగంగా నడిచాయి, నాకు సగమే అందాయి. చివరికి తేలింది ఇది. ఇప్పటికి వాడు నా దగ్గరే ఉంటాడు. బడిలో, దవాఖానలో, ఇంట్లో అందరూ ఒకటే పద్ధతి వాడాలి, బొమ్మల కార్డులు. వచ్చే మీటింగుకల్లా వాడు ఎవరి దగ్గరైనా కార్డు చూపించి అడగడం మొదలుపెడితే ఇక్కడే ఉంచుతారు. లేకపోతే హోమ్ సంగతి మళ్లీ వస్తుంది.

"ఇంట్ల గూడనేనమ్మా," అంది థెరపీ మేడం. "కొంగు లాగితే ఇయ్యొద్దు."

నాకు మండింది. "దూప అయితున్నదని అడిగితే నీళ్లు ఇయ్యొద్దా? ఇదేం చదువు మేడం?"

ఆమె కోప్పడలేదు. కుర్చీ నా పక్కకు జరుపుకుంది. "ఇయ్యున్రి. కార్డు చూపించినంక ఇయ్యున్రి. రేపు నాంపల్లి స్టేషన్‌ల మీ చెయ్యి వదిలి తప్పిపోయిండనుకోన్రి. ఎవరిదో కొంగు పట్టి గుంజితే ఆమె ఏం చేస్తది?"

ఎవరిదో కొంగు, ఎవరో విదిలించుకోవడం, రైళ్ల చప్పుడు, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. మేడం చెప్పింది నిజమే. నిజమని తెలిసినా ఆమె మీద కోపం పోలేదు.

ఆ సాయంత్రమే మా ఆయన వంటింట్లో బిందె పైన మేకు కొట్టి, మేడం ఇచ్చిన గ్లాసు బొమ్మ కార్డు వేలాడదీశాడు. స్టేషన్ దగ్గర లాడ్జిలో మేనేజరు పని ఆయనది, ప్రతిదానికీ బోర్డు పెట్టడం అలవాటు. "మంచిగున్నది. ఇగ నాగ్గూడ ఒకటి పెట్టు, చాయ్‌ది," అన్నాడు. నేను నవ్వలేదు.

కూరగాయలు తరుగుతుంటే వాడు వచ్చాడు. కొంగు లాగాడు, రెండుసార్లు. నేను బెండకాయల వైపే చూస్తూ కూర్చున్నాను. కాసేపాగి మళ్లీ లాగాడు. ఈసారి గట్టిగా. చెయ్యి దానంతటదే బిందెవైపు లేచింది, దించుకున్నాను. కార్డు వైపు వేలు చూపించాను, మేడం చెప్పినట్టే. వాడు కార్డును చూశాడు, నన్ను చూశాడు. కళ్లలోకి చూడనివాడు ఆ రోజు చూశాడు. ఈమెకేమైందని అడుగుతున్నట్టనిపించింది. లేక నేనే అలా అనుకున్నానేమో, నాకు తెలియదు.

కొంగు వదిలాడు. మునివేళ్ల మీద లేచి కార్డు లాగి తెచ్చి, నా మోచేతికి ఆనించాడు. మేడంకి ఎలా ఆనించాడో అచ్చం అలాగే.

"ఇచ్చిండు! చూసినవా, ఇచ్చిండు!" అని మా ఆయన గుమ్మంలోంచి అరిచాడు. నాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా. దాంతోపాటు, ఇన్నేళ్లూ వాడు కొంగు లాగితే అర్థమయ్యే ఒకే ఒక్క మనిషిని కాస్తా ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఒకదాన్ని అయిపోయానని దిగులేసింది. రెండూ ఒకేసారి ఎలా పడతాయో నాకు అంతుబట్టలేదు.

గ్లాసు నింపి ఇచ్చాను. వాడు గటగటా తాగి, గ్లాసు కింద పెట్టి, నా కొంగు అందుకుని మూతి తుడుచుకున్నాడు. దాని గురించి మీటింగులో ఎవరూ ఏమీ అనలేదు.