ఆగంపిల్ల మూట

ఒక్క పొద్దుటి పూటలో, చేతిలో ఒక నోట్‌బుక్కు తప్ప ఏ ఆయుధమూ లేకుండా, మా ఇంటి నలభై ఏళ్ళ చరిత్రను బూడిద చేసిన ఘనురాలిని నేను. నవ్వుకోండి. నవ్వించడానికే చెప్తున్నా.

అప్పుడు జనగామలో డిగ్రీ చదువుతున్నాను. చిన్న చిన్న వస్తువులు ఏరుకోవడం నాకు పిచ్చి. ఊడిన గుండీ, నెమలీక ముక్క, బస్సు టికెట్టు, ఏది దొరికినా నోట్‌బుక్కులో అతికించి, పక్కన ఎక్కడ దొరికిందో రాసుకునేదాన్ని. ఆ సంతోషం ఏమని చెప్పను! రాజ్యం రాసిచ్చినా వద్దనేదాన్ని.

సెలవులకు కొడకండ్ల దగ్గరి మా ఊరికి వెళ్ళాను. మా నాయనమ్మను అందరం అవ్వ అనే పిలిచేవాళ్ళం. ఆమె వాకిట్లో పని చేసుకుంటుంటే లోపల నాకొక కుండ కనిపించింది. దాన్నిండా మాసిన పేలికల్లో కట్టిన విత్తనాల మూటలు. నా చెయ్యి ఊరుకుంటుందా? అన్నీ విప్పి, తెల్ల కాగితాల్లో పొట్లాలు కట్టి, పైన ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. రకానికొక గింజ చొప్పున నోట్‌బుక్కులో అతికించుకున్నాను. పేలికలా? వాటి సంగతి తర్వాత.

ఆ రోజే మంచి వాన పడింది. పక్కింటి సోమక్క రానే వచ్చింది.

"అవ్వా, నేతిబీర ఇత్తులు జర పెట్టవా?"

"బిడ్డా, కుండల మీ తాత తువ్వాల ముక్క మూట ఉంటది, తే పో."

నేను గర్వంగా పొట్లాలు తెచ్చాను. "మూటలెందుకవ్వా? గిగో, అన్నీ రాసిపెట్టిన."

"ఏమని రాసినవ్?"

చదివాను. "నల్లవి ఒకటి. నల్లవి రెండు. తెల్లవి సన్నవి. తెల్లవి లావువి."

సోమక్క నోరు తెరిచింది. "గిదేంది పిల్లా, ఇత్తులా, రేషన్ కార్డు నంబర్లా?"

"పేలికలేవే?" అంది అవ్వ.

"మాసినయని... నీళ్ళ పొయ్యిల ఏసిన."

అవ్వ గడపలో కూలబడింది. అవ్వకు చదువు రాదు. ఆ పేలికల రంగే ఆమెకు రాత. మేనత్త పెళ్ళి చీర అంచులో బీర, నా పసితనపు గౌను ముక్కలో దోస, తాత తువ్వాలలో నేతిబీర. తాత పోయాక ఆ తువ్వాల చినిగి చినిగి జానెడే మిగిలింది. ఆ జానెడూ నా చేతులమీదుగా పొయ్యిలోకి వెళ్ళింది.

"నువ్వు సదువుకున్నదానివి, కాయితం మీద రాసుకుంటవ్. నాకు గవ్వే నోటుబుక్కు గదనే. పొయ్యిల పెడితివా?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అవ్వ కొంగుతో నా ముఖం తుడిచి అడిగింది: "ఊకో. నీళ్ళన్న మంచిగ కాగినయా?"

సోమక్క పడి పడి నవ్వింది. అవ్వ నల్ల గింజలు అరచేతిలో పోసుకుని వేలితో తడిమి గుర్తుపట్టింది. గరుకుగా ఉన్నది బీర, నున్నగా ఉన్నది నేతిబీర. సోమక్కకు పెట్టగా మిగిలిన నేతిబీర గింజలు కట్టడానికి గుడ్డ కావాలి కదా? నా మెడలోని చున్నీ అంచు పట్టుకుని పర్రున చింపింది.

"కొత్త చున్నీ అవ్వా!"

"గందుకే. ఎవలు ఆగం జేసిన్రో యాదికుండాలె."

ఆ మూట పేరు ఆగంపిల్ల మూట అయింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా "అవ్వా, ఆగంపిల్ల ఇత్తులు పెట్టు" అని అడిగేవాళ్ళు. నేను ఎదురుగా ఉన్నా సరే.

ఇప్పుడు మహబూబాబాద్‌లో ఉంటున్నాను. అవ్వ లేదు. ఆ చున్నీ మూట నా దగ్గరే ఉంది, నోట్‌బుక్కూ ఉంది. అందులో "నల్లవి రెండు" దగ్గర ఒక్క గింజ ఇంకా అతుక్కునే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా అవ్వ చెయ్యి గుర్తొచ్చి ప్రాణం గిలగిలలాడుతుంది. ఆ చేత్తో ఇంకొక్కసారి నా చున్నీ చింపినా చాలు, ఎంత కొత్తదైనా సరే.

మొన్న మా ఆయన పాత తువ్వాలతో బండి తుడవబోతుంటే గుంజుకుని, ఒక జానెడు చింపి దాచుకున్నాను.

"ఏందే గిది? నేనింక బతికే ఉన్న గదా!" అని ఆయన ఒకటే పరేషాన్.

అందుచేత పాఠకులారా, ఒక చెయ్యి నోట్‌బుక్కు మీద, ఇంకో చెయ్యి చున్నీ మూట మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. అడగకుండా ఇక ఎవరి పేలికా పొయ్యిలో వెయ్యను. ఈ తువ్వాల ముక్కలో ఏ విత్తనం కట్టాలో కూడా అడిగే కడదామనుకున్నాను. అడగడానికే అవ్వ లేదు.