కొత్త కెరటం బ్యాండులో దానియేలు గారు

2022 జూలై నాటికి బందరులో నేను క్లినిక్ పెట్టి మూడేళ్లు దాటింది. నేను ఆడియాలజిస్టుని. చెవి డాక్టరుని కాదు. వినికిడి ఎంత ఉందో కొలిచి, అవసరమైనవాళ్లకు హియరింగ్ ఎయిడ్ అమర్చడం నా పని. ఈ తేడా వచ్చినవాళ్లలో సగంమందికి ఇప్పటికీ చెప్పాల్సి వస్తుంది. రోజంతా బయటి శబ్దం చొరబడని ఓ చిన్న గది పక్కన కూర్చుంటాను. లోపల పేషెంటు, ఇవతల నేను, మధ్యలో మందపాటి అద్దం. ఊళ్లో నాకు తెలిసినవాళ్లు తక్కువ. "వినిపించగానే బటన్ నొక్కండి" అన్న మాట తప్ప ఇంకేమీ మాట్లాడకుండా తాళం వేసి ఇంటికెళ్లిన రోజులు చాలానే ఉన్నాయి.

వినికిడి తగ్గినవాళ్లు ఒంటరిగా రావడం అరుదు. "టీవీ సౌండు భరించలేకపోతున్నామండీ" అంటూ ఇంట్లోవాళ్లే లాక్కొస్తారు. దానియేలు గారు మాత్రం ఒక్కరే వచ్చారు. ఇందులో పేర్లన్నీ మార్చాను.

ఆయనకు అరవై దగ్గర పడుతున్నాయి. నెరిసిన జుట్టు చెవుల మీదుగా మెడ దాకా పెంచుకున్నారు. చల్లపల్లిలో ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారట. టైపు నేర్చుకునేవాళ్లు లేకుండా పోయాక అదే గదిలో జిరాక్స్ షాపు పెట్టుకున్నారు.

"ఎప్పట్నించండీ ఇబ్బంది?"

"మిషన్లో పేపరు అయిపోతే కుయ్‌మని కూస్తుందమ్మా. కస్టమర్లు చెబితేగానీ నాకు తెలియట్లేదు. రెండు మూడేళ్లవుతోంది."

"ఈసారి ఇంట్లో ఎవరినైనా వెంట తీసుకురండి. వాళ్లకీ కొన్ని విషయాలు చెప్పాలి."

"ఇంట్లో ఎవరూ లేరమ్మా. మా ఆవిడ పోయి మూడేళ్లయింది. పిల్లల్లేరు." చెవుల మీద జుట్టు సర్దుకుని, "బ్యాండువాళ్లున్నారు. వాళ్లకి మాత్రం తెలియకూడదు" అన్నారు.

పెళ్లి బ్యాండనుకున్నాను. ఆయన నవ్వి వివరించారు. ఎనభైల్లో మద్రాసులో డిప్లొమా చదువుతుండగా హాస్టల్లో ఎవరో ఓ క్యాసెట్ ఇచ్చారు. ఇంగ్లండు కుర్రాళ్లు సింథసైజర్లు ముందు పెట్టుకుని కట్టిన పాటలవి. ఆ ధోరణిని న్యూ వేవ్ అనేవారు. "డాన్సు పాటల్లాగే ఉంటాయమ్మా. లోపల మాత్రం దిగులుగా ఉంటాయి. మా అవనిగడ్డ చర్చిలో పదేళ్లప్పట్నించీ హార్మోనియం వాయించినవాణ్ణి. కీర్తనలో ఉండే దిగులు, వేరే దేశంవాళ్ల దగ్గర దొరికినట్టనిపించింది." వాళ్లది ట్రిబ్యూట్ బ్యాండు. సొంత పాటలు ఉండవు. ఒకే ఒక్క పాత ఇంగ్లీషు బృందం పాటల్ని, రికార్డులో ఎలా ఉన్నాయో అలాగే, మధ్యలో వచ్చే మౌనంతో సహా వాయిస్తారు. పేరు కొత్త కెరటం. ఈ చుట్టుపక్కల ఆ పాటలు తెలిసినవాళ్లు వాళ్లు నలుగురే.

పరీక్ష చేశాను. వినికిడిని గీతగా చూపించే కాగితాన్ని ఆడియోగ్రామ్ అంటాం. ఆయన గీత ఎడమవైపు బాగానే మొదలై కుడివైపుకి వచ్చేసరికి కిందికి జారిపోయింది. అంటే బరువైన శబ్దాలు అందుతున్నాయి. స, ష లాంటి అక్షరాలు, తాళాల చప్పుడు, సన్నని కూతలు అందట్లేదు. రెండు చెవులకీ ఎయిడ్స్ అమర్చాను. జుట్టు కింద అవి కనిపించలేదు. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని తృప్తిగా వెళ్లారు.

రెండు వారాలకి కోపంగా తిరిగొచ్చారు.

"మాటలకి బానే ఉందమ్మా. ఇంట్లో కీబోర్డు వాయించి చూశాను. స్వరం నొక్కి పట్టుకుంటే వణుకుతోంది. కాసేపటికి మింగేస్తోంది కూడా."

తప్పు నాదే. హియరింగ్ ఎయిడ్ ఒక్కోసారి తన శబ్దాన్ని తనే మళ్లీ విని ఈల వేస్తుంది. ఆ ఈలను గుర్తించి అణిచేసే ఏర్పాటు లోపలే ఉంటుంది, దాన్ని ఫీడ్‌బ్యాక్ క్యాన్సిలేషన్ అంటాం. సింథసైజర్ స్వరం కూడా ఈలలాగే సన్నగా, నిలకడగా సాగుతుంది. పాపం ఆ యంత్రానికి తేడా తెలియదు. ఆయన పాటను తన ఈల అనుకుని నొక్కేస్తోంది. సంగీతం కోసం వేరే ప్రోగ్రామ్ పెట్టి అది ఆపేశాను. అయితే నలుగురి మధ్య ఎలా వినిపిస్తుందో నా గదిలో తేల్చలేను.

"అయితే ఆదివారం గుడివాడ రామ్మా. మా మేనకోడలివని చెప్తాను."

నేను ఒప్పుకున్నాను. ఆదివారం పూట నాకు వెళ్లాల్సిన చోటంటూ లేదు. అది కూడా ఒప్పుకోవడానికి ఓ కారణమే.

గుడివాడలో వాళ్ల రిహార్సల్ గది ఓ పాత బియ్యం గోడౌను మీద అంతస్తు. గోడౌను శ్రీనివాసరావు గారిది. ఆయన గిటారు. వయసులో ఉండగా ఆర్కెస్ట్రాల్లో సినిమా పాటలు వాయిస్తూ జిల్లా అంతా తిరిగారట. డ్రమ్స్ దగ్గర మస్తాన్. వాళ్ల నాన్న, తాత బందరులో పెళ్లి ఊరేగింపులకి బ్యాండు కట్టినవాళ్లు. వాళ్లతో కలిసి నడుస్తూ వాయించడం అలవాటై మొదట్లో కుర్చీలో కూర్చోలేకపోయేవాడినని చెప్పాడు. పాడేది విమల గారు, కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. చిన్నప్పుడు ఎనిమిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు. "గమకాలు రాకుండా పాడటానికే ఇక్కడ ఎక్కువ కష్టపడ్డాను" అన్నారు.

"బావా, మేనకోడలుందని ఎప్పుడూ చెప్పలేదే?" అన్నారు శ్రీనివాసరావు గారు. చుట్టరికం లేకపోయినా బ్యాండులో వరసలు పెట్టే పిలుచుకుంటారు.

"దూరపు చుట్టం" అన్నారు దానియేలు గారు.

నేను గోడ పక్కన కూర్చుని ఫోన్లో ఏదో చూసుకుంటున్నట్టు నటిస్తూ, అందులోని యాప్‌తోనే ఆయన ఎయిడ్స్‌ని సరిచేశాను. రెండో పాటకి కుదిరింది. విమల గారి పాటలో స అక్షరం పడినప్పుడల్లా ఆయన తల ఎత్తి ఆవిణ్ణి చూశారు. మస్తాన్ డ్రమ్స్ మీది ఇత్తడి తాళం వైపు చూశారు. చాన్నాళ్ల తర్వాత ఊరికొచ్చి ఒక్కో ఇల్లూ గుర్తుపడుతున్న మనిషిలా ఉన్నారు. నా పని మీద నాకు అంత గర్వం కలిగిన క్షణం అంతకుముందు లేదు.

మూడో పాట మధ్యలో ఆయన చెయ్యెత్తారు.

"ఒక్క నిమిషం ఆపండి. నాది బయటికెలా వస్తోందో వింటాను."

ఆయన వెనక ఓ చిన్న స్పీకరు ఉంది. తను వాయించేది తనకి వినిపించడానికి పెట్టినది. దాన్ని కట్టేశారు. కీబోర్డు మీద నాలుగు స్వరాలు నొక్కి, చేయి తీసినా అవి మోగుతూనే ఉండేలా హోల్డ్ మీట వేసి, గదికి ఆ చివర ఉన్న పెద్ద స్పీకర్ల దగ్గరికి నడిచారు.

ఏమీ రావట్లేదు.

ముందు చెవి వెనక తడుముకుని, ఎయిడ్ ఆగిపోయిందేమోనని నావైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. శ్రీనివాసరావు గారు గిటారు తీసి మిక్సర్ వైపు గబగబా నడిచారు. అందరి శబ్దాలూ కలిపి స్పీకర్లకి పంపే పెట్టె అది. దానియేలు గారే ముందు చేరుకున్నారు. ఒక్కొక్కరికీ ఒక్కో మీట, పైకీ కిందికీ జరిగేది. ఆయన పేరు రాసిన మీట అడుగుకంటా దించి ఉంది.

"ఎన్నాళ్లయింది?"

డ్రమ్స్ వెనక నుంచి మస్తాన్ అన్నాడు. "రెండున్నరేళ్లు, మావయ్యా."

"మరి నా లైన్లు?"

"నేను గిటారు మీద..." అని శ్రీనివాసరావు గారు ఆగిపోయారు.

దానియేలు గారు కేకలు వెయ్యలేదు. కీబోర్డు దగ్గరికెళ్లి హోల్డ్ తీసి, స్విచ్ ఆపి, గుడ్డ కప్పి, చెప్పులేసుకుని మెట్లు దిగారు. నేను వెనకే వెళ్లాను. బస్సులో పామర్రు దాకా పక్క పక్కనే కూర్చున్నాం. చల్లపల్లికి ఆయన అక్కడ మారాలి. దిగబోయే ముందు రెండు ఎయిడ్స్ తీసి నా చేతిలో పెట్టారు.

"వద్దమ్మా. వినపడనన్నాళ్లూ నేను బ్యాండులో ఉన్నాను."

బస్సు కదిలాక వెనక్కి చూశాను. సెంటర్లో జనం మధ్య అలాగే నిలబడి ఉన్నారు. ఆయన చెవుల దాకా ఇప్పుడు ఏమేం వెళ్లవో అక్షరం అక్షరం చెప్పగలను. అది తప్ప ఆయన కోసం ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

ఆ వారంలోనే విమల గారు క్లినిక్‌కి వచ్చారు. నేనెవరో కనుక్కున్నారు.

"ఒక్క మాట ముందు చెప్పి ఉండాల్సిందండీ. మేమే పైకి జరిపేవాళ్లం."

"ఎందుకు దించారండీ అసలు?"

"వాళ్లావిడ పోయాక మొదటి ప్రోగ్రాం. ప్రతి పాటలోనూ వెనకబడిపోయారు. తాళం వినిపించట్లేదని మాకు తెలీదు, దిగులనుకున్నాం. పైగా సౌండు చెవులు కోసేంత పదునుగా పెట్టేవారు. జనం నవ్వారు. ఆయన చూడలేదు. ఆ ఒక్క రోజుకే అని దించాం." ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. "తర్వాత ఎలా పైకి తేవాలో తెలియలేదండీ. ఆయన్ని రావద్దనడం మా వల్ల కాలేదు."

మర్నాడు ఎయిడ్స్ తీసుకుని చల్లపల్లి వెళ్లాను. షాపులో ఒక్కరే ఉన్నారు. విమల గారు చెప్పినదంతా మెల్లగా, ఎదురుగా కూర్చుని చెప్పాను. నా తప్పూ చెప్పాను. వాళ్లు ఒకటి దాచారు, ఆయన ఒకటి దాచారు, మేనకోడలినని నేను మూడోది కలిపాను. ఆయన బల్ల మీద కాగితాలు అంచులు కలిపి సర్దారు.

"నవ్వారా?" అని అడిగారు.

"నవ్వారటండీ."

"అది అప్పుడే చెప్పి ఉంటే ఓ ఏడుపు ఏడ్చి ఊరుకునేవాణ్ణి కదమ్మా."

ఎయిడ్స్ మాత్రం తీసుకున్నారు. ఐదు నెలలు గుడివాడ వైపు వెళ్లలేదు. ఆయన లేకుండా వాయించడం ఇష్టంలేక బ్యాండు ఒప్పుకున్న ప్రోగ్రాములు మానేసింది. తర్వాత ఓ ఆదివారం తనే వెళ్లి తన మీట తనే పైకి జరిపి కూర్చున్నారట. ఆ రోజు మస్తాన్ మూడుసార్లు ఆపి, "మావయ్యా, లేటు" అని మొహం మీదే అన్నాడట. నాకు ఆ మాట చెప్పినప్పుడు ఆయన బాధపడుతున్నారో సంతోషిస్తున్నారో తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు నెమ్మదిగా సాగే రెండు పాటల్లోనే వాయిస్తారు. మిగతా పాటలకి స్టేజి దిగి, ముందు వరసలో చివరి కుర్చీలో కూర్చుంటారు. బందరులో ఓ కాలేజీ ఫంక్షన్‌లో చూశాను. పిల్లలు ఫోన్లు చూసుకుంటున్నారు. పాట ఎప్పుడు ఆగుతుందో, ఆ మౌనం ఎంతసేపో తెలిసి వింటున్నది ఆ కుర్చీలో ఆయన ఒక్కరే.

వినికిడి తగ్గడం ఒక్క చెవికి జరిగే పని కాదని నాకు ఆ కేసు నేర్పింది. చుట్టూ ఉన్నవాళ్లు దానికి తగ్గట్టు జరుగుతారు, దాస్తారు, సర్దుతారు. ఎయిడ్ పెట్టిన రోజున ఆ సర్దుబాట్లన్నీ కూడా వినిపిస్తాయి. అందుకని ఇప్పుడు ఎవరికైనా అమర్చే ముందు ఓ ప్రశ్న అడుగుతాను: "మీకు వినిపించట్లేదని మీవాళ్లు మీ కోసం ఏమేం చేస్తున్నారో ఎప్పుడైనా అడిగారా?" కొందరు నవ్వేస్తారు. ఒంటరిగా వచ్చినవాళ్లు చాలాసేపు జవాబు చెప్పరు. అంతసేపూ నేను కంప్యూటరు వైపు తిరగను. అలాగే ఎదురుగా కూర్చుంటాను.