గూడబాతు అత్తారిల్లు

ఆ రోజుల్లో ఊళ్లు చూడడానికి డబ్బున్నవాళ్లు వెళ్లేవారు, దేవుణ్ణి చూడడానికి లేనివాళ్లు వెళ్లేవారు. డబ్బు లేకపోయినా ఊరు చూడాలని బయల్దేరిన కుటుంబం ఏలూరులో మా పేట మొత్తానికి మాదొక్కటే అనుకుంటాను. ఇప్పటి పిల్లలు పొద్దున్న అనుకుని సాయంత్రానికి ఎక్కడెక్కడికో వెళ్లిపోతున్నారు. వాళ్లు వెళ్లి రావడం నేను చూస్తూనే ఉన్నాను గానీ, వెళ్లొచ్చిన సంగతి వాళ్ల ముఖాల్లో మాత్రం కనబడదు. మేము మద్రాసు వెళ్లడానికి ఏడాది మాట్లాడుకున్నాం, వెళ్లొచ్చాక పదేళ్లు మాట్లాడుకున్నాం. ఖర్చుకి తగ్గ ఫలం అంటే అదీ అనేవాడు మా నాన్న.

నాన్న బడిపంతులు. కొల్లేటి లంకలో చేపలు పట్టే ఇంట్లో పుట్టి, చదువుకుని, ఏలూరు బడిలో కుర్చీ సంపాదించాడు. పిసినారి అంటే నేను ఒప్పుకోను (అమ్మ అనేది, అది వేరే సంగతి). ఉన్న జీతాన్ని నెలాఖరు దాకా సాగదీయడంలో ఆయన్ని మించినవాడు లేడు, అంతే. మద్రాసు మెయిలుకి ఎందుకు వెళ్లకూడదని అమ్మ అడిగితే ఆయన చెప్పిన జవాబు మా ఇంట్లో సామెత అయిపోయింది. "ఎక్కువ డబ్బులిచ్చి తొందరగా దిగిపోవడం దేనికే? ప్యాసింజరుకైతే తక్కువిచ్చి ఎక్కువసేపు కూర్చోవచ్చు." ఈ లెక్కలో తప్పెక్కడుందో నాకు ఇప్పటికీ తేలలేదు.

మాతోపాటు నాయనమ్మ కూడా వచ్చింది. ఆవిడ ఆకివీడు దగ్గర లంకలోనే ఉండేది. మామూలుగా అయితే ఆవిడ ఊరు దాటేది కాదు. "గూడబాతులు వెళ్లిపోయాయి కదరా, ఇంక ఇక్కడ నాకేం పనుంది, వస్తాను పద" అంది. ఈ గూడబాతుల సంగతి చెప్పాలి. గొంతు కింద సంచీ వేలాడుతూ, చేప దొరికితే అందులో వేసుకునే పెద్ద పక్షులవి. ఏటా కార్తీకమాసానికి మందలుగా వచ్చి లంకలో చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని చేసి, ఎండలు ముదిరేసరికి వెళ్లిపోయేవి. మావాళ్ల లెక్కలో అవి పక్షులు కావు, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు. వాటిమీద ఎవరైనా రాయి విసిరితే ఆ పూట వాడికి ఇంట్లో అన్నం పెట్టేవారు కాదు. వెళ్లిపోయాక ఎక్కడికెళ్తాయని నేనడిగితే, నాయనమ్మ "అత్తారింటికి" అనేది. ఆ అత్తారిల్లు ఎక్కడో ఆవిడకీ తెలీదు, లంకలో ఎవరికీ తెలీదు.

నాకు మాత్రం కావలసింది ఒక్కటే, సముద్రం. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ఒకతి ఉండేది, గొప్పలు చెప్పడం వల్ల దానికి 'జమీందారు' అని పేరు పెట్టాం. వాళ్ల మామయ్య దానికి కాకినాడ నుంచి ఒక గవ్వ తెచ్చి ఇచ్చాడు. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, లోపల సముద్రం మోగుతోందని క్లాసంతటికీ వినిపించింది, నాకు తప్ప. "నీదీ వద్దు, నీ మామయ్యదీ వద్దు. నేనే సముద్రానికెళ్లి నా చేత్తో ఏరుకొస్తాను, చూస్తూండు" అనేశాను. మాట జారిన తరవాత ఇంకేముంది? గవ్వ లేకుండా ఏలూరులో అడుగుపెట్టే దారి నాకు లేదు.

మద్రాసులో మేము దిగింది ప్రెస్సులో పనిచేసే బాబాయి గారింట్లో. ఆయన నాన్నకి దూరపు తమ్ముడు. ఉత్తి చేతులతో ఎలా వెళ్తామని నాయనమ్మ పెద్ద మూట ఎండుచేపలు కట్టింది. ఆ మూట పుణ్యమా అని రైల్లో మా పెట్టె బెజవాడ దాటకుండానే సగం ఖాళీ అయింది. "చూశారా, పడుకోవడానికి చోటు కూడా దొరికింది" అని నాన్న ఆనందం. ఎదుటి బల్ల మీద ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని కూర్చున్న పెద్దాయన్ని చూసి అమ్మ సిగ్గుతో కిటికీ వైపు తిరిగిపోయింది. నాయనమ్మ మాత్రం "పాపం, జలుబు చేసినట్టుంది బాబూ" అని ఆయన్ని పలకరించింది.

డబ్బు పుచ్చుకోకుండా చూపించే వింతలన్నీ నాన్న ముందే తెలుసుకుని పెట్టాడు. మొదట మ్యూజియం. మనవాళ్లు దాన్ని చచ్చిన కాలేజీ అనేవారు, జంతువులున్న పార్కుని బతికిన కాలేజీ అనేవారు. చచ్చిన కాలేజీలో తిమింగలం ఎముకలు వేలాడదీసి ఉన్నాయి. అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తుంటే, నాయనమ్మ దాని తల నుంచి తోక దాకా నడిచి చూసి, "ఇంత చేపనీ ఎవరు తినేశార్రా?" అని అడిగింది. ఎవరూ తినలేదని నాన్న చెబితే, "అయ్యో, వృథాగా పోయిందన్నమాట" అని ఆ పూటంతా బాధపడింది.

సముద్రాన్ని నాన్న ఆఖరి రోజుకి అట్టేపెట్టాడు. "సముద్రం ఎక్కడికీ పోదమ్మా" అని నన్ను ఊరుకోబెట్టాడు. ఆ రోజు పొద్దున్న బతికిన కాలేజీ చూసుకుని, మధ్యాహ్నం ట్రామెక్కి సముద్రానికెళ్లి, చీకటి పడేవేళకి ప్యాసింజరు ఎక్కాలని ఏర్పాటు. ట్రాముకని విడిగా కొంత చిల్లర అమ్మ కొంగున ముడేసి ఉంచారు. నేను దారి పొడుగునా ఆ ముడినే చూస్తూ నడిచాను. ఎండుచేపల్లో బాబాయి కొంతే ఉంచుకుని, అద్దెకిచ్చిన ఇంటివాళ్లు ఒప్పుకోరని మొహమాటపడుతూ మిగతావి తిరిగి ఇచ్చేశాడు. అందుకని మూట కూడా మాతోనే వచ్చింది.

పులిని చూశాం. నాన్న దాని గురించి ఒక పాఠం చెప్పాడు. కోతుల్ని చూశాం. తరవాత ఒక ఇనపచువ్వల పంజరం దగ్గర జనం మూగి ఉంటే, ఏదో గొప్ప వింతే అయి ఉంటుందని నాన్న మమ్మల్ని తోసుకుంటూ తీసుకెళ్లాడు. పంజరంలో ఓ మూల, తొట్టెడు నీళ్ల పక్కన, ఒంటరిగా ఒక గూడబాతు నిలబడి ఉంది.

"ఓస్, ఇదేనా! మన లంకలో బోలెడున్నాయి. పద నాన్నా, సముద్రానికి" అన్నాను నేను.

నాయనమ్మ కదల్లేదు. చువ్వలు పట్టుకుని చాలాసేపు చూసి, మెల్లిగా, "ఇదా అమ్మా, మీ అత్తారిల్లు?" అంది.

పక్కనున్నవాళ్లు నవ్వారు. నాన్నకి తలకొట్టేసినట్టయింది. "అమ్మా, అందరూ చూస్తున్నారు, పద" అని బతిమాలాడు. "ఊరు కాని ఊళ్లో మన పిల్ల కనిపిస్తే పలకరించకుండా పోతామేంట్రా? రేప్పొద్దున్న లంకలో అడిగితే ఏం చెప్పను?" అంటూ నాయనమ్మ అక్కడే చతికిలబడి మూట విప్పింది. ఆ వాసనకి మూగిన జనం మూగినట్టే విడిపోయారు. కాపలావాడు మాత్రం పరుగున వచ్చాడు. ఆ ఊళ్లో చాలామందికిలాగే అతనికీ తెలుగు వచ్చు.

"ఏమీ పెట్టకూడదమ్మా, రూలు ఒప్పుకోదు."

"మా పిల్లకి మేం పెట్టుకోకూడదా బాబూ? మీరూ పిల్లలున్నవారే కదండీ" అంది నాయనమ్మ. అతను ఆవిడ ముఖం కేసి చూసి ఏమనుకున్నాడో, కాస్త దూరంగా వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు.

ఆవిడ చువ్వల్లోంచి ఒక ఎండుచేప అందించింది. గూడబాతు దాన్ని ముక్కుతో తిప్పి చూసి కింద పడేసింది. "అలిగింది. అలగదూ మరి? పచ్చిచేపలు తిని పెరిగిన పిల్లకి ఇన్నాళ్లకి కనబడి ఎండుది పెడితే!" అంది. ఆ తరవాత నాన్న వైపు తిరిగి, "ఒరే అబ్బాయ్, నీ చిన్నప్పుడు గూట్లోంచి పడిన పిల్లని ఒళ్లో పెట్టుకుని తెచ్చి, మీ నాన్న పట్టిన చేపలన్నీ దానికే పెట్టేశావు, గుర్తుందా? అది ఎగిరిపోయిన రోజున నువ్వు అన్నం తినలేదు" అంది.

నాన్న ఆ పిల్లని పెంచిన సంగతి మాకెవరికీ ఎప్పుడూ చెప్పలేదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అమ్మ దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. అమ్మ కొంగుముడి విప్పి ట్రాము చిల్లర ఆయన చేతిలో పోసింది. ఎండలో తిరిగి తిరిగి సోడా అడిగితే కుళాయి చూపించిన మనిషి, ఒక పక్షికి చేపలు కొనడానికి బజారుకి పరిగెత్తాడు! ఆయన ఎంత తొందరగా తిరిగొచ్చాడంటే, అమ్మ ఆశ్చర్యపోయి నాతో, "మీ నాన్న బేరం ఆడలేదే" అంది.

ఆకుపొట్లంలో చేపలు ఒక్కొక్కటే నాయనమ్మ అందిస్తే, గూడబాతు ఒక్కొక్కటే సంచీలో వేసుకుంది. నాన్న కూడా ఆవిడ పక్కన నేలమీదే కూర్చున్నాడు, పంతులుగారి పంచె మట్టవుతుందని చూసుకోకుండా. నేను ఏడిచాను. ఊరికే ఏడవలేదు, వినబడేట్టు ఏడిచాను. పొద్దు వాలిపోయింది, ట్రాముకి చిల్లర లేదు, నడిచి వెళ్లే వేళా కాదు. లేచేముందు నాయనమ్మ బొడ్డున ఉన్న సంచీలోంచి కుంకుమ తీసి చువ్వకి బొట్టు పెట్టింది. గూడబాతు రెక్క కత్తిరించి ఉండడం నేను చూశాను, ఆవిడా చూసే ఉంటుంది. అయినా, "చల్లగా ఉండమ్మా. కార్తీకానికి వచ్చెయ్యి, చెట్టు అలాగే ఉంచుతాం" అంది.

ఏలూరు తిరిగొచ్చాక జమీందారు నన్నేమీ అనలేదు, ఒక్క ప్రశ్న మాత్రం అడిగింది. "అంత దూరం వెళ్లి గూడబాతుని చూసొచ్చారా?" అని. ఆ ప్రశ్నతోనే ఆ ఏడాదంతా గడిచిపోయింది. నాన్న మీదా, నాయనమ్మ మీదా, ఆ పక్షి మీదా కూడా చాలాకాలం కోపంగా ఉన్నాను.

తరవాత కొన్నేళ్లకి నన్ను మద్రాసే ఇచ్చారు. అత్తవారు మంచివాళ్లే, కానీ నాకు అన్నం సయించేది కాదు, మాట్లాడడానికి మనవాళ్లెవరూ ఉండేవారు కాదు. సముద్రం చూద్దాం రమ్మని మా ఆయన పిలిస్తే, బతికిన కాలేజీకి తీసుకెళ్లమన్నాను. ఆ పంజరంలో వేరే పక్షులేవో ఉన్నాయి. అక్కడ నిలబడి నేను ఏడుస్తుంటే, ఈ పిల్లని ఎలా సముదాయించాలో తెలియక పాపం ఆయన పంజరం మీదున్న బోర్డు రెండుసార్లు పైకి చదివారు.

ఆ నెలలోనే ఒకరోజు, ఇంకా పాలవాడు కూడా రాకముందు తలుపు చప్పుడైంది. తీస్తే చంకలో మూటతో నాన్న. ప్యాసింజరు సాయంత్రానికి గానీ రాదు.

"మెయిలుకొచ్చావా నాన్నా?" అన్నాను.

"ప్యాసింజరు తప్పిపోయిందమ్మా" అన్నాడు. బండి వేళకి గంట ముందే స్టేషనులో కూర్చునే మనిషి! మూట నా చేతిలో పెడుతూ, నా ముఖంలోకి చూడకుండా, "పచ్చివి పాడైపోతాయని ఎండువే తెచ్చాను. అలగకేం" అన్నాడు.

ఆ సాయంత్రం ఆయనే ట్రాముకి డబ్బులిచ్చి నన్ను సముద్రానికి తీసుకెళ్లాడు. చాలా పెద్దదే. ఇసకలో వంగి వంగి వెతికి ఒక గవ్వ ఏరి నాకిచ్చాడు. చెవి దగ్గర పెట్టుకున్నాను గానీ, ఆయన పక్కనే ఉండి ఇంటి కబుర్లు చెబుతుంటే అందులో మోగేది నాకేం వినబడుతుంది? ఇప్పుడు మా అమ్మాయి ఉండే ఊరికి వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా నేనూ తొందరగా వెళ్లే బండికే టిక్కెట్టు తెప్పిస్తాను. ఎందుకమ్మా అంత ఖర్చని అది కోప్పడితే, ప్యాసింజరు తప్పిపోయిందని చెబుతాను.